ట్రయల్ రూమ్ లేని దుకాణం

ఆ మధ్యాహ్నం తన దుకాణం మెట్లు మత్తయి ఎక్కుతుంటే ఖైసర్‌కు తేలు కుట్టినట్టయింది. చేతిలో సగం మడిచిన షర్టు అలాగే ఉండిపోయింది. ఖైసర్ ఈ దుకాణం పెట్టి మూడేళ్లయింది. సాగర్ రోడ్డుకు అవతల బస్టాండు పక్కన మత్తయి దుకాణం ఉన్న మల్గి, ఇవతల ఇది. అయినా ఆ పెద్దాయన ఇక్కడ కాలు పెట్టడం ఇదే మొదటిసారి.

డెబ్బై రెండేళ్ల మనిషి. ఎప్పటిలాగే తెల్ల చొక్కా, నలగని ఇస్త్రీ. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి గోడ మీద. షుగరు కళ్లకెక్కి చూపు మసకబారింది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఎవరో పుణ్యాత్ములు రోడ్డు దాటించి మెట్ల దగ్గర వదిలి పోయినట్టున్నారు.

"ఖైసరూ, ఉన్నవా బిడ్డా?"

ఖైసర్ పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాడు, తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు, ఫ్యాను పెంచాడు, ఎదురుగా నిలబడ్డాడు. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా, సొంత దుకాణానికి యజమాని అయినా, ఆ మనిషి ముందు ఈనాటికీ కూర్చోలేడు. అది గౌరవమని చూసేవాళ్లు అనుకుంటారు. గౌరవం కొంతే. ఎక్కువ భాగం వేరే ఉంది, దానికి మంచి పేరేమీ లేదు. ఆయన 'బిడ్డా' అన్నప్పుడల్లా ఖైసర్ చూపు నేల మీదికి దిగిపోతుంది. తిడితే హాయిగా ఉండేది.

ఇబ్రహీంపట్నంలో మగవాళ్ల బట్టలంటే ఒకప్పుడు మత్తయే. కందుకూరు పక్క పల్లె నుంచి వచ్చి, సైకిలు వెనక బనీన్లు, లుంగీలు కట్టుకుని అంగడి అంగడి తిరిగిన మనిషి, పదిహేనేళ్లకు బస్టాండు పక్కన మూలమీది మల్గి కొన్నాడు. బేతెల్ మెన్స్ వేర్ అని పేరు పెట్టాడు. ఆ దుకాణంలో రెండు వస్తువులు ఉండేవి కావు. ఒకటి కొలిచే టేపు, రెండోది ట్రయల్ రూమ్. టేపు టైలర్ల పని అనేవాడు ఆయన. గుమ్మంలో మనిషి చెప్పులు విడిచేలోపల మత్తయి ఒక్కసారి పైనుంచి కిందికి చూసేవాడు, 'ముప్పై నాలుగు, నలభై' అని లోపలికి కేకేసేవాడు. నడుము ముప్పై నాలుగు, షర్టు నలభై. లోపల రాకుల దగ్గర ఉన్న ఖైసర్ అదే అంకె తిరిగి అరిచి, ఆ సైజు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. ఇంటికి పోయి వేసుకుంటే కుట్టించినట్టు ఉండేది.

మగవాడికి తన నడుము ఎంతో తెలియదు. పెళ్లినాటి అంకెనే పట్టుకుని వేలాడుతుంటాడు. 'నాది ముప్పై రెండన్నా' అని కొనడానికొచ్చిన గిరాకీ మొండికేస్తే మత్తయి నవ్వేవాడు, అంతే. ముప్పై ఆరు తొడుక్కున్న మొనగాడు వారానికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేవాడు. బేతెల్‌లో కొన్న బట్ట వేసి చూడమంటే అవమానంగా తీసుకునేవాళ్లు జనం. పెళ్లి బట్టలు కూడా ప్యాకెట్ విప్పకుండా పీటల దాకా తీసుకుపోయిన ఇళ్లున్నాయి. మత్తయి కన్ను మీద అంత నమ్మకం ఊరికి, ఊరు నమ్మినదానికంటే మత్తయికి ఇంకాస్త ఎక్కువ.

ఖైసర్ ఇరవై ఒకటో ఏట అక్కడ చేరాడు. ఇరవై నాలుగేళ్లు చేశాడు. పక్కన నిలబడి చూసీ చూసీ అతనికీ ఆ కన్ను వచ్చింది. మత్తయి చాటుగా కాక బాజాప్తాగానే నేర్పాడు: భుజం చూడకు, నడక చూడు, పొట్ట లోపలికి పీల్చుకుని వస్తాడు, మెట్టు ఎక్కేటప్పుడు వదిలేస్తాడు, అప్పుడు చూడు.

ఖైసర్ పనిలో చేరిన ఇరవయ్యో ఏట మత్తయి కన్ను తప్పడం మొదలైంది.

మొదటిసారి ఒక టీచరు వచ్చాడు, చూడగానే ముప్పై నాలుగు మనిషి. మత్తయి 'ముప్పై ఎనిమిది' అన్నాడు. ఖైసర్ బిత్తరపోయాడు. బాపు అని పిలుచుకునే మనిషిని గిరాకీ ముందు కాదనడం ఎట్లా? నోటితో 'ముప్పై ఎనిమిది' అని అరిచి, చేత్తో ముప్పై నాలుగు తెచ్చి పెట్టాడు. టీచరు లేబుల్ చూసి అడిగితే, కంపెనీకొక లెక్క ఉంటుంది సార్, మా సేటు చూసిందే సైజు అన్నాడు. ఆ సాయంత్రం చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. మర్నాడు ఇంకొకటి తప్పింది. ఆ తర్వాత రోజుకు నాలుగు, పది. నోరు బాపు అంకె చెప్పేది, చెయ్యి తన అంకె తెచ్చేది. అలా నాలుగేళ్లు నడిచింది. మత్తయికి తెలియదు, ఊరికి తెలియదు. ఆయన మాత్రం ఒక కొత్త సంవత్సరం రోజు చర్చిలో నిలబడి, ప్రభువు తనకిచ్చిన కన్ను ఈనాటికీ ఒక్క అంగుళం తప్పలేదని సాక్ష్యం కూడా చెప్పాడు.

ఆ తర్వాత నెలకే ఖైసర్ సొంత దుకాణం పెడతానన్నాడు. మత్తయి బాధపడ్డాడు గానీ అడ్డు చెప్పలేదు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, తన కంపెనీల వాళ్లకు ఫోన్ చేసి సరుకు ఇప్పించాడు. ఖైసర్ ప్రారంభం ఆదివారం పెట్టుకున్నాడు. ఆదివారం మత్తయికి చర్చి తప్ప వేరే లోకం లేదు, రాలేడు. రాలేడని తెలిసే పెట్టుకున్నాడు. ముఖం చెల్లకపోతే మనిషి క్యాలెండరు సాయం కూడా తీసుకుంటాడు.

ఖైసర్ స్థానంలో మత్తయి పరమేష్ అనే నడివయసు మనిషిని పెట్టుకున్నాడు. పరమేష్ నెమ్మదైనవాడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ముప్పై ఎనిమిది అంటే ముప్పై ఎనిమిదే తెస్తాడు. కొంప మునిగింది అక్కడే. నాలుగు నెలలు తిరగకుండానే రావిర్యాల రాంచందర్ కొడుకు పెళ్లి వచ్చింది. పెళ్లికొడుకు రితేష్, అతని తమ్ములు, బావమరుదులు, దోస్తులు కలిపి పదకొండు మంది ఒకే రంగు కోటు, ప్యాంటు కావాలని వచ్చారు. మత్తయి వరసగా నిలబెట్టి చూసి పదకొండు సైజులు చెప్పాడు. ఎవరూ ప్యాకెట్ విప్పలేదు. పెళ్లినాడు పొద్దున ఫంక్షన్ హాల్లో విప్పి తొడుక్కుంటే, ఒకడి ప్యాంటు జారిపోతోంది, ఒకడికి గుండీ పట్టడం లేదు, పెళ్లికొడుకు కోటులో ఇద్దరు పడతారు. రాంచందర్ మత్తయి దుకాణానికి వచ్చి బస్టాండంతా వినబడేట్టు అరిచాడు. కోట్లు మెట్ల మీద విసిరేసి, నీకు కళ్లు దొబ్బినయా అన్నాడు. నెలలోపల మత్తయి దుకాణం షట్టరు దించేశాడు.

ఆ పదకొండు మందీ అదే పొద్దున రోడ్డు దాటి ఖైసర్ దగ్గరికి వచ్చారు. పది నిమిషాల్లో అందరికీ సరిపోయే బట్టలు తీసి ఇచ్చాడు ఖైసర్. ముహూర్తం తప్పలేదు. ఊరు ఊరంతా అదే ముచ్చట. ఖైసర్ బోర్డు మీద 'బేతెల్ మత్తయి గారి శిష్యుడు' అనే చిన్న వరస ఆ నెలలోనే చేరింది.

అలాంటి ఖైసర్ దగ్గరికి మత్తయి ఎందుకొచ్చాడంటే, తన మల్గి ఇవ్వడానికి వచ్చాడు. ఆ సంగతి నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, నిదానంగా చెప్పాడు. కూతురు మనోజ ఆదిబట్ల కంపెనీలో ఉద్యోగం మానేసి బేతెల్ మళ్లీ తెరుస్తానంటోంది, ఏడాదిగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది, ఇవాళ షట్టరు ఎత్తించి దుమ్ము కూడా దులుపుతోంది. మత్తయే ఒప్పుకోలేదు. ఆ దుకాణం కన్ను మీద నడిచిన దుకాణం, కన్ను లేకుండా తెరిస్తే తనకు జరిగిన అవమానమే బిడ్డకూ జరుగుతుంది. కన్ను ఉన్నవాడు ఖైసర్ ఒక్కడే. కాబట్టి మల్గి ఖైసర్ తీసుకోవాలి, బేతెల్ పేరు ఉంచాలి.

"నా తర్వాత మల్గి నీదే. మనోజకు గూడ చెప్పిన. ఏడ్సింది, ఏడ్వనీ. నువ్వు ఊఁ అను" అన్నాడు మత్తయి.

ఖైసర్ ఆ మూలమీది మల్గి కోసం మూడేళ్లుగా కలలు కంటున్నాడు. ఇక్కడ తనది ఇరుకు గొందిలాంటి కొట్టు. అక్కడ బస్సు దిగిన ప్రతివాడి కళ్లూ నేరుగా పడే చోటు. 'ఊఁ' అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ చూద్దాం బాపు, ఆలోచిద్దాం అని నీళ్లు నమిలాడు.

మత్తయి లేచాడు. నీ దుకాణం ఎట్లుందో చూస్తా అని, చేత్తో తడుముకుంటూ నడిచాడు. రాకులు తడిమాడు, మడతలు తడిమాడు, బాగున్నాయన్నాడు. చివర ఒక పరదా చేతికి తగిలింది. పక్కనే ఇంకొకటి.

"గివేంది?"

"ట్రయల్ రూములు బాపు."

"రెండా?" మత్తయి ఆశ్చర్యపోయాడు. "నీకు కన్నుండంగ గివెందుకురా? నేను నలభయ్యేండ్లు పెట్టలే."

ఖైసర్ దగ్గర జవాబు ఒకటే ఉంది. కన్ను ఎలా పోతుందో, పోయిన సంగతి ఉన్నవాడికే ఎలా తెలియదో నాలుగేళ్లు దగ్గరుండి చూసినవాడు అతను. దుకాణం పెట్టేటప్పుడు మొట్టమొదట కట్టించింది ఆ రెండు గదులే. ఇంక దాచడం తన వల్ల కాదనిపించింది.

"బాపు, నీ కన్ను గా పెండ్లినాడు పోలే. అంతకు నాలుగేండ్ల ముందే పోయింది" అన్నాడు. "నువ్వు ముప్పై ఎనిమిది అంటే, నేను ముప్పై నాలుగు తెచ్చి పెట్టెటోన్ని. నోటితోని నీ అంకెనే చెప్పెటోన్ని. నాలుగేండ్లు గట్లనే నడిపిన."

మత్తయి పరదా వదల్లేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాడు.

మొదట భయమేసిందన్నాడు ఖైసర్. ఆ తర్వాతది చెప్పడానికి తల దించుకున్నాడు, ఎదుటి మనిషికి కనబడదని తెలిసి కూడా. దుకాణం తన కన్ను మీద నడుస్తోందని, ఆ సంగతి తనొక్కడికే తెలుసునని లోలోపల బాగా అనిపించేది.

"పోయేటప్పుడన్న చెప్పాల్సింది గదరా."

"చెప్తే నువ్వు టేపు పెట్టుకుంటవ్, గిరాకి నీకాడనే ఉంటది. అందుకే చెప్పలే బాపు."

అన్న తర్వాత ఖైసర్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. మత్తయి కర్ర సాయంతో వెనక్కి వచ్చి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"నేను గా రాంచందర్ ఇంటికి పోయిన, తెలుసా నీకు?" అన్నాడు, ఎవరితోనో మామూలు కబురు చెబుతున్నట్టు. "మనోజ తోల్కపోయింది ఆటోల. లోపలికి రానియ్యలే. గేటు కాడ ఎండల నిలబడి చేతులు జోడిచ్చిన. చర్చిల గొప్పలు చెప్పుకున్నందుకు ప్రభువు కన్ను తీస్కున్నడని రోజు మోకాళ్ల మీద పడి ఏడ్సిన. గర్వం వల్ల పోయిందనుకున్న. గొప్పలు చెప్పకముందే, షుగరు వల్ల పోయిందా?"

"షుగరు వల్లనే బాపు."

మత్తయి తల ఊపాడు. కోపం వస్తుందని ఖైసర్ ఎదురు చూశాడు. కర్ర ఎత్తి కొడితే వీపు చూపడానికి సిద్ధంగా ఉన్నాడు. అలాంటిదేమీ జరగలేదు. ముసలాయన ముఖంలో ఏదో బరువు దిగిన ఛాయ కనిపించింది. దేవుడు తన మీద కోపగించలేదని మూడేళ్ల తర్వాత తెలిసిన మనిషి ఆయన. ఆ సంతోషంలో ఖైసర్ తప్పు ఆయనకు చిన్నదైపోయింది.

"నాలుగేండ్లు నా ఇజ్జత్ కాపాడినవ్. గది గూడ నిజమే గద" అన్నాడు. "నువ్వే చెప్పుకున్నవ్. శానమంది గింత గూడ చెయ్యరు. నడువు, జర రోడ్డు దాటించు. మనోజకు చెప్పాలె, టేపు పెట్టుకోని దుకాణం తెరుసుకోమని."

మల్గి చేజారింది. ఆశ్చర్యమేమిటంటే ఖైసర్‌కు ఆ బాధే లేదు. రోడ్డు పక్కన నిలబడి, లారీలు పోయేదాకా ఆగుతూ, భుజం మీద మత్తయి చెయ్యి బరువును మాత్రం మోయలేకపోతున్నాడు. ఎందుకంటే చెప్పింది సగమే. మిగతా సగం ఇది.

పెళ్లికి రెండు రోజుల ముందు ఆ పదకొండు మంది మత్తయి మెట్ల మీద వరసగా నిలబడి ఉంటే ఖైసర్ తన అద్దం వెనక నుంచి చూశాడు. అలవాటు కొద్దీ పదకొండు సైజులూ కన్ను పట్టేసింది. కాసేపటికి ఖైసర్ టీ తాగుతున్న బండి దగ్గరికి రితేష్ సంచులతో సహా వచ్చి, మత్తయి తాత చూడంగనే చెప్పిండన్నా అని గర్వంగా లేబుళ్లు చూపించాడు. ఒక్కటీ సరిపోదని ఖైసర్‌కు ఆ క్షణమే తెలిసింది. రెండు రోజుల వ్యవధి ఉంది, మార్చుకోవచ్చు. ఒక్క మాట చాలు. ఖైసర్ మస్తున్నయ్ తమ్మీ అన్నాడు. ఆ సాయంత్రం సిటీకి పోయి అదే రంగులో పదకొండు కోట్లు, ప్యాంట్లు తెచ్చాడు. రోజూ పదింటికి తెరిచే దుకాణం పెళ్లినాడు ఏడింటికే తెరిచి, సైజుల వారీగా బల్ల మీద పేర్చి పెట్టుకుని, రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు, నమాజులో కూర్చున్నా దాని జోలికి పోలేదు.

రోడ్డు దాటారు. షట్టరు ఎత్తి ఉంది. మనోజ కొంగు నడుముకు చుట్టి, చీపురుతో బూజు కొడుతోంది. ఖైసర్‌ను చూసి ఆమె ముఖం ముడుచుకుంది. తన దుకాణం తీసుకోవడానికి వచ్చిన మనిషి అనుకుంది. మత్తయి గుమ్మంలోనే నిలబడి, ఖైసర్ భుజం మీద చెయ్యి తీయకుండా, విన్నదంతా కూతురికి చెప్పాడు. చెప్పేటప్పుడు ఖైసర్ మాటలకు తనే నగిషీ పెట్టాడు. పాపం నా పరువు పోతుందని దాచిండు, మంచి మనసున్నోడు, ఇప్పుడు తనే వచ్చి చెప్పుకున్నడు, మల్గి మీద ఆశ గూడ పెట్టుకోలే అన్నాడు. దుకాణం నీదే బిడ్డా, ఖైసరన్న నీకు సరుకు గిరాకి అన్ని నేర్పుతడు అని కూడా అన్నాడు.

మనోజ చీపురు కింద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్న ఒక్క కుర్చీని కొంగుతో తుడిచి, తండ్రికి వేయలేదు, ఖైసర్‌కు వేసింది.

"కూసో అన్నా. మనసులో నిన్ను మస్తు తిట్టుకున్న. ఏమనుకోకు" అంది.

ఖైసర్ ఆ కుర్చీ వంక చూశాడు. కూర్చుంటే అయిపోతుంది. ఈ కుటుంబంలో ఇంకెప్పుడూ ఎవరూ దాని గురించి అడగరు. మంచివాడనే పేరుతోనే పోవచ్చు. కానీ ఆ కుర్చీలో కూర్చోవడం కంటే రాంచందర్ గేటు ముందు ఎండలో నిలబడడం సుఖమనిపించింది.

"నేను కూసోను మనోజా. బాపుకు సగమే చెప్పిన" అన్నాడు.

చెప్పాడు. టీ బండి దగ్గర లేబుళ్లు చూసింది చెప్పాడు, మస్తున్నయ్ అన్నది చెప్పాడు, ఏడింటికి దుకాణం తెరిచింది చెప్పాడు. రాంచందర్ అరుస్తుంటే అద్దం వెనక నుంచి చూస్తూ కూర్చున్నానని కూడా చెప్పాడు. మనోజ వింటూ వింటూ ఒక అడుగు వెనక్కి వేసింది. మత్తయి కదల్లేదు. చెయ్యి ఖైసర్ భుజం మీదే ఉంది.

"ముందే తీసి పెట్టినవా, పదకొండు సెట్లు?" అని అడిగాడు.

"పెట్టిన బాపు."

"టేపు పెట్టకుంట? ఊకె రోడ్డు అవతల నుంచి చూసి?"

"అవ్ బాపు."

"సరిపోయినయా అందరికి?"

"సరిపోయినయ్."

"ఒక్కటి గూడ తప్పలే?"

"తప్పలే బాపు."

ముసలాయన పెదవులు ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కదిలాయి.

"మంచిగ నేర్పిన నీకు" అన్నాడు మత్తయి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, కోపం కూడా లేదు. అన్నాక భుజం మీద నుంచి చెయ్యి తీసేసి, మనోజ ఎక్కడుందో చెయ్యి చాచి వెతుక్కున్నాడు. ఆమె వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఖైసర్ వాళ్ల గుమ్మంలో ఇంకాసేపు నిలబడ్డాడు. పొమ్మని ఇద్దరిలో ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు.